దుంపల సంగతి

కొందరికి నోరు తెరిస్తే మాటలు ఆగవు. ఈ అత్తగారు ఆ బాపతు కాదు. ముప్పై ఏళ్ళు బస్టాండులో టికెట్ల కౌంటర్ వెనక కూర్చున్న మనిషి. కిటికీకున్న చిన్న కంతలోంచి "ఎక్కడికి? ఎంతమంది?" అని రెండు ముక్కలు అడగడం, రెండు ముక్కలు వినడం ఆమె అలవాటు. ఉద్యోగం వదిలింది గానీ ఆ అలవాటు వదల్లేదు. ఏదైనా ఒకసారే చెబుతుంది. అర్థంకాక మళ్ళీ అడిగితే కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూస్తుంది. ఆ చూపుకి జడిసి ఇంట్లో ఎవరూ రెండోసారి అడగరు. కోడలు గనక ఆ రోజు ధైర్యం చేసి అడిగి ఉంటే, ఈ గోలంతా ఉండేదే కాదు.

ఆ రోజంటే, అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న రోజు. అప్పుడు కూడా ఆమె కేకలు పెట్టలేదు. అంబులెన్సు వాళ్ళు స్ట్రెచర్ ఎక్కిస్తుంటే పళ్ళు బిగబట్టి, కోడల్ని దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"నా మంచం కింద బుట్టలో దుంపలున్నాయి. వాటి సంగతి చూడు," అంది. అంబులెన్సు తలుపులు వేసేశారు.

"సంగతి చూడు" అనేది మహా తిరకాసు మాట. చంటిదాని సంగతి చూడమని తల్లి చెబితే, కడుపు నింపి నిద్రపుచ్చమని అర్థం. వాడి సంగతి చూస్తానని వీధిలో ఎవడైనా చొక్కా చేతులు మడిస్తే, వాడికి మూడిందని అర్థం. అత్తగారు మొదటి అర్థంలో అంది. కోడలికి రెండోది వినపడింది.

ఆ పిల్లనీ అనడానికి లేదు. పెళ్ళై ఆ ఇంటికొచ్చి పదినెలలు. పుట్టిల్లు మూడో అంతస్తులో. అక్కడ మట్టంటే పూలకుండీలో ఉండేదే. స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో కాజాలు కుట్టే పని ఆమెది. కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కించగలదు గానీ, బంగాళాదుంప కొమ్మకి కాస్తుందో నేలలో ఊరుతుందో ఎన్నడూ ఆలోచించలేదు. బుట్ట బయటికి లాగి చూస్తే ఏముంది, కోడిగుడ్డంతేసి దుంపలు, తొక్క ముడతలు పడి, అక్కడక్కడ తెల్లటి బుడిపెలు. "అయ్యో, పాడైపోతున్నాయని కాబోలు పాపం, అంత నొప్పిలోనూ చెప్పింది," అనుకుంది. మూడు రోజుల్లో బుట్ట ఖాళీ చేసింది. కొడుకు, అంటే ఆమె మొగుడు, బస్సు డిపోలో మెకానిక్, రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు. ఆఖరున మిగిలిన నాలుగూ ఉడకబెట్టి, మెత్తగా చిదిమి, ఉప్పూ మిరియాలూ చల్లి ఆస్పత్రికి పట్టుకెళ్ళింది. అత్తగారు ఒక చెంచా తిని, చెంచా కింద పెట్టి, "చాలు," అంది. మందుల వల్ల నోరు బాగాలేదేమో అనుకుని కోడలు డబ్బా మూసేసింది.

అప్పటిదాకా అత్తగారు బాగానే కోలుకుంటోంది. ఆపరేషనైన మర్నాడే నిలబెట్టారు. రెండోరోజు నాలుగడుగులు వేసింది, మూడోరోజు వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. నాలుగోరోజు పొద్దున ఏమైందో ఏమో, గోడవైపు తిరిగి పడుకుంది. నొప్పా అంటే కాదంది. ఎవరైనా ఏమైనా అన్నారా అంటే లేదంది. లేవమంటే మాత్రం లేవలేదు. అయిదోరోజూ అంతే.

"ఎముక సరిగ్గానే కూర్చుంది. మనిషే లేవడం లేదు," అన్నాడు డాక్టరు, కోడల్ని వరండాలోకి పిలిచి. "ఈ రెండు వారాల్లో నడిస్తే నడిచినట్టు. లేదంటే ఇక మంచమే."

ఆ సాయంత్రం ఇంటి దగ్గర కొడుకు తల్లి చెప్పుల కోసం మంచం కిందకి వంగి, ఖాళీ బుట్టతో పైకి లేచాడు.

"విత్తన దుంపలేవీ?"

"ఏ విత్తనాలు?"

"ఇందులోవి. అమ్మ ప్రతి ఏడూ పెరట్లో వెయ్యడానికి దాస్తుందిగా. ఈపాటికి కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టాలి, మొలకలు రావాలి."

"మొన్న రెండోసారి వడ్డించుకున్నారే, అవే."

అతను తన పొట్టవంక చూసుకున్నాడు. అక్కణ్ణించి వాటిని విప్పి తీసే పానా ఏ డిపోలోనూ లేదు.

"ఒక్క మాట నన్ను అడగొచ్చుగా!"

"తిన్నారుగా, మీరు చెప్పొచ్చుగా!"

"ఉడికిన దుంప మీద పేరు రాసుంటుందా?"

పోట్లాట అక్కడితో ఆగిపోయింది, ఎందుకంటే ఆమె ఏడుస్తోంది. తిట్లు పడతాయని కాదు ఆమె భయం. ఆ ఇంట్లో ఆమెని నమ్మి అత్తగారు అప్పగించిన మొదటి పని అది. అసలే గోడవైపు తిరిగి పడుకున్న మనిషికి ఈ మాట కూడా చెబితే, ఇంక ఆవిడ లేస్తుందా?

మర్నాడు ఆస్పత్రిలో, అటు తిరిగి ఉన్న ఆ వీపుకి ఏం చెప్పాలో తోచక, కోడలు నోటికొచ్చింది అనేసింది.

"అత్తయ్యా, దుంపలు మొలకలేస్తున్నాయి."

దుప్పటి కదిలింది. అత్తగారు మెల్లగా ఇటు తిరిగి, బల్లమీది కళ్ళజోడు అందుకుని పెట్టుకుని, దాని పైనుంచి కోడలి మొహం చూసింది.

"ఎన్ని కళ్ళు మొలకేశాయి?"

"ఒక్కోదానికి... నాలుగు."

"ఎక్కడ పెట్టావు?"

"కిటికీ దగ్గర. వెలుతుర్లో."

అత్తగారు ఇంకాసేపు చూసింది. "ఆ వాకర్ ఇలా తే," అంది.

అబద్ధానికి నీళ్ళు పొయ్యనక్కర్లేదు, ఎరువూ వెయ్యనక్కర్లేదు, దానంతటదే పెరుగుతుంది. రోజూ అత్తగారు అడగడం, రోజూ కోడలు ఇంత చేర్చి చెప్పడం. ఒకరోజు మొలకలకి ఊదారంగు తిరిగింది. ఇంకోరోజు ఒక దుంప దొర్లి కిందపడితే పట్టుకుంది. వారం తిరిగేసరికి మొలకలు వేలెడు పొడుగయ్యాయి.

"మరీ అంత పొడుగా?" అంది అత్తగారు.

"అన్నీ కాదత్తయ్యా, కొన్నే."

మొలకలతోపాటు అత్తగారి నడకా పెరిగింది. గుమ్మం దాటింది, వరండా దాటింది, నర్సుల బల్లదాకా వెళ్ళి వచ్చింది. వచ్చే శనివారం ఇంటికి పంపేస్తామన్నారు. ఇంటికొచ్చిన మనిషి ముందు చూసేది కిటికీనే. అక్కడ దుంపలు లేకపోతే మళ్ళీ గోడవైపు తిరుగుతుంది. ఈసారి తిరిగితే ఇక లేవదు.

ముందు కూరగాయల బజారుకి పరిగెత్తింది.

"మొలకొచ్చే దుంపలు కావాలి."

"మొలకొచ్చేవా?" దుంపలామె తక్కెడ దించేసింది. "మొలక రాకూడదనే కదమ్మా మందు కొట్టించి, చల్లటి గోడౌన్లో దాచి, మేం ఇన్ని పాట్లు పడేది! మొలకొచ్చిందని నిన్నే సగం బుట్ట తిరగ్గొట్టారు."

అక్కణ్ణించి విత్తనాల షాపు. గోడనిండా రంగురంగుల ప్యాకెట్లు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"బంగాళాదుంప విత్తనాలు ఒక చిన్న ప్యాకెట్ ఇవ్వండి."

షాపు పెద్దాయన నవ్వు ఆపుకోలేదు గానీ, ఆ నవ్వులో ఎగతాళి లేదు. "ప్యాకెట్లో పట్టదమ్మా. బంగాళాదుంపకి విత్తనం బంగాళాదుంపే. నేను ఉంచను, నెలలో కుళ్ళిపోతాయి. ఊరి చివర రైతుల సహకార గోడౌనుంది, అక్కడ దొరుకుతాయి. తనిఖీ చేసిన చీటీ కుట్టిన బస్తాలోవే తీసుకో. ఎక్కడో మొలకొచ్చింది కదాని ఏదో ఒకటి తెచ్చి పాతావనుకో, దాని తెగులు మట్టిలో దిగితే ఏళ్ళతరబడి వదలదు."

గురువారం మధ్యాహ్నం, కుట్టు షాపు మాస్టర్ని బతిమాలి పూట సెలవు తీసుకుని, బస్సెక్కి వెళ్ళింది. రేకుల కప్పు, మట్టివాసన, కప్పుదాకా పేర్చిన వల బస్తాలు. పెద్ద కాటా పక్కన స్టూలు మీద ఒకావిడ కూర్చునుంది. అందరూ ఆమెని కాటా అక్క అంటున్నారు.

"ఎన్ని బస్తాలు?"

"పాతిక దుంపలు."

"బస్తా విప్పితే చీటీ పోతుంది. చీటీ లేనిది రైతు ముట్టుకోడు. పాతిక దుంపలకి బస్తా ఎలా విప్పను? పోనీ మొత్తం తీసుకుపోతావా, మీ వీధంతా దున్నుకుని వేసుకుందురుగాని."

కోడలు మెట్టు మీద కూలబడి, ఎవరికీ చెప్పని సంగతంతా ముక్కూమొహం తెలియని ఆ కాటా అక్కకి చెప్పేసింది.

"అత్తగారి విత్తనం వండుకు తిన్నావా! నీ దుంప తెగ!" అనేసి, కాటా అక్క నాలిక్కరుచుకుంది. "ఇక్కడ అది తిట్టు కాదులే. పెద్ద దుంప తెగితేనే రెండు మొక్కలు." తర్వాత ఆమె మూలకి చెయ్యి చూపించింది. "అదుగో, అవి దింపేటప్పుడు చిరిగాయి. కుట్టే మనిషి రాక నాలుగు రోజులుగా పడున్నాయి. కుట్టి, తూకం సరిచేశాక మిగిలినవి విడిగా అమ్ముతాం. ఆదివారం తర్వాత రా."

"దబ్బనం ఉందా?" అంది కోడలు లేచి నిలబడుతూ.

గోనెలు కుట్టే ఆ లావుపాటి సూదిని ఆమె అంతకుముందు పట్టుకోలేదు. అయినా సూది సూదే. పొద్దువాలేలోగా ఏడు బస్తాలు కుట్టింది. కాజా అంచు కుట్టినట్టు కుట్టిందని హమాలీలు కూడా వచ్చి చూసిపోయారు. మిగిలిన దుంపల్లోంచి కాటా అక్క తానే మంచివి పాతిక ఏరి, పైన మరో రెండు వేసి, "మీ అత్తవి ఏ రంగు?" అంది.

"తొక్క లేత పసుపు. లోపలా పసుపుపచ్చే."

"ఇది ఎర్ర తొక్క. ఈ ఏటికి ఇదే ఆఖరి లోడు."

ఎర్రవే తెచ్చుకుంది. కోడిగుడ్ల అట్టల్లో, కళ్ళు పైకుండేలా నిలబెట్టి కిటికీలో పెట్టింది. శనివారానికి పెసరగింజంత మొలకలు కనపడ్డాయి. వేలెడు మొలకలు ఒక్కసారిగా పెసరగింజంత ఎందుకయ్యాయో, పసుపు తొక్క ఎర్రగా ఎలా మారిందో, దారిపొడుగునా జవాబులు అల్లుకుంటూనే అత్తగారిని ఇంటికి తీసుకొచ్చింది.

అత్తగారు మంచం వంక చూడలేదు. వాకర్ టకటకలాడించుకుంటూ నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. కొడుకు మందుల చీటీ మర్చిపోయానని అబద్ధమాడి గుమ్మంలోంచే మాయమయ్యాడు. ఆమె ఒక దుంప తీసి, గోటితో మట్టి గీకి, మళ్ళీ అట్టలో పెట్టింది.

"ఎక్కడ కొన్నావు?" అంది.

అల్లుకున్న జవాబులన్నీ ఎటో పోయాయి. "సహకార గోడౌన్లో," అంది కోడలు. "మీవి వండేశానత్తయ్యా. సంగతి చూడమంటే, పాడైపోకముందే కానిచ్చెయ్యమన్నారనుకున్నాను. ఇన్నాళ్ళూ మీకు చెప్పినవన్నీ అబద్ధాలే."

"తెలుసు."

"ఎప్పణ్ణించి?"

"మొదటి చెంచా నుంచి. పసుపుపచ్చటి దుంప. నేను పండించింది నాకు తెలీదూ?" అత్తగారు కిటికీలోంచి పెరట్లోని ఖాళీ మడుల వంక చూసింది. ఆమె ఒకేసారి అన్ని మాటలు మాట్లాడడం కోడలు అదే వినడం. "తినడానికి దాచినవి ఎప్పుడో అయిపోయాయి. ఉన్నవి విత్తనం దుంపలే. విత్తనం వండుకున్నారంటే ఏమిటి అర్థం? విత్తే మనిషి ఇంక రాదని మీరిద్దరూ తేల్చుకున్నారనుకున్నాను. రాని మనిషికి నడక ఎందుకు?"

కోడలికి గోడవైపు తిరిగిన ఆ వీపు గుర్తొచ్చింది. తను చేసిన పని అప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది.

"మరి... మళ్ళీ ఎందుకు లేచారు?" అంది.

"నువ్వొచ్చి లేని కళ్ళు లెక్కపెట్టి చెప్పావు కదే. దొర్లిపోతే పట్టుకున్నానన్నావు. ఇంటికి రాదనుకున్న మనిషికి ఎవరైనా పనిగట్టుకుని రోజూ అన్ని అబద్ధాలు చెబుతారా?"

కోడలు కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. అత్తగారు ఊరుకోమనలేదు. కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోలేదు. ఆ ఏడుపు పూర్తయ్యేదాకా, ఒక చెయ్యి వాకర్ మీద, ఒక చెయ్యి కోడలి భుజం మీద వేసి, తన కాళ్ళ మీద తను నిలబడే ఉంది.