ఆ గొంతు నాదే

ఆ ప్రకటన మొదటిసారి టీవీలో వచ్చినప్పుడు నేను హాల్లో కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. మా అత్త దమయంతి సోఫాలో ఉంది. మా ఇంట్లో పనిచేసే కురుమమ్మ వంటింట్లో గిన్నెలు తోముతోంది. తెరమీద తెల్లటి ఇల్లు, అంతకన్నా తెల్లటి ఇల్లాలు. ఆమె ముక్కు మూసుకుని, "నేల ఇంత వాసన ఎందుకొస్తోంది?" అంటుంది. చీర మోకాళ్లదాకా ఎగ్గట్టి, నోటినిండా పాన్ కుక్కుకున్న పనిమనిషి పళ్లన్నీ బయటపెట్టి, "నాకేం ఎర్కమ్మా! మా ఊళ్ల గిట్లనే ఉంటది!" అంటుంది. ఇల్లాలు మనవైపు తిరిగి, "వీళ్లకు శుభ్రత ఏం తెలుస్తుంది? అందుకే నా ఇంటికి తళుకు" అని నేల తుడిచే మందు సీసా చూపిస్తుంది.

మా అత్త పొట్ట పట్టుకుని నవ్వి, నావైపు చూసి కన్నుగీటింది. ఆ పనిమనిషి గొంతు నాదని ఆమెకు తెలుసు. వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసిన కురుమమ్మకు తెలియదు. ఆమె కూడా నవ్వింది, ఇంట్లోవాళ్లు నవ్వుతుంటే తను నవ్వకపోతే బాగుండదన్నట్టు.

మా బావ ఉమాకాంత్‌కు నారాయణగూడలో చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. మా ఆయన రాఘవేందర్‌కు స్వయానా అన్న. చిక్కడపల్లిలో ఇంటిపని ముగించుకుని, పదకొండింటికి నేను అక్కడికి నడిచి వెళ్తాను. పదహారేళ్లుగా వెళ్తున్నాను. జీతం మాట ఎప్పుడు ఎత్తినా "ఇంటి మనిషివే గద మాధురీ" అంటాడు బావ. ఆ స్టూడియోలో నేను ఎందరు తల్లులనయ్యానో లెక్కలేదు. మొగుడి చొక్కా కాలర్ తెల్లబడితే జన్మ ధన్యమైందనుకునే భార్యను నేను. జ్వరంతోనే లేచి, ఒక మాత్ర వేసుకుని, పదిమందికి చపాతీలు చేసి చిరునవ్వు నవ్వే అమ్మను నేను. "అమ్మకు సెలవు ఉండదు కదా!" అని ముద్దుగా అన్నదీ నేనే. ఆ మాట రికార్డు చేసిన రోజు నాకు నిజంగానే జ్వరం. ఇంటికొచ్చేసరికి రాఘవేందర్ స్నేహితులు నలుగురు భోజనానికి వచ్చి కూర్చున్నారు.

తళుకు వాళ్ల పనికి మొదట ఎవరో అమ్మాయిని పిలిపించారట, కుదరలేదు. అప్పుడు బావ నన్ను చూసి, "నువ్వు వనపర్తి దానివి గద. కొత్తల మాట్లాడ్తుంటివి సూడు, గట్ల మాట్లాడు" అన్నాడు. కొత్తలో మాట్లాడేదాన్ని, నిజమే. పెళ్లైన నెలకే మా అత్త, "మనది పట్నం ఇల్లు. ఎర్క, గీర్క అనకు. నలుగురు వస్తుంటరు" అని చెప్పింది. రాఘవేందర్ తన ఆఫీసువాళ్ల ముందు నా మాట మధ్యలో అందుకుని సరిచేసేవాడు. ఏడాది తిరిగేసరికి నా నోట్లోంచి మా అమ్మ మాట పూర్తిగా పోయింది. ఇంట్లో ఎవరికీ వద్దనిపించిన ఆ మాట ఇప్పుడు నవ్వించడానికి కావాల్సి వచ్చింది. మొదటిసారి చెప్తే "ఇంక జర మొద్దుగ" అన్నారు. రెండోసారి "తెలివిలేనట్లు చెప్పు" అన్నారు. నాలుగోసారి రికార్డింగ్ గది అద్దం వెనక ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వి చప్పట్లు కొట్టారు. నేను సంబరపడ్డాను. అది దాచుకోదలచుకోలేదు. పదహారేళ్లలో ఆ స్టూడియోలో ఎవరైనా నాకు చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి.

నెల తిరక్కుండా ఆ మాట ఊరంతా పాకింది. మిఠాయి కొట్లో కుర్రాళ్లు ఒకరినొకరు అదే మాటతో వెక్కిరించుకుంటున్నారు. సిటీ బస్సులో కండక్టరు చిల్లర అడిగితే వెనక నుంచి ఎవరో "నాకేం ఎర్కమ్మా!" అన్నారు, బస్సంతా నవ్వింది. ఇంట్లో చుట్టాల ముందు నేనేదైనా మరిచిపోతే రాఘవేందర్ అదే అనేవాడు. నేనూ నవ్వేదాన్ని.

ఒకరోజు కురుమమ్మ ఎర్రబడిన కళ్లతో వచ్చింది. ఆమెది మక్తల్ పక్కన ఒక పల్లె. దోమలగూడ బస్తీలో ఉంటూ ఆరిళ్లలో పనిచేసి బిడ్డ మనీషను డిగ్రీ చదివించింది. ఆ పిల్ల అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటోంది.

"ఏమైంది కురుమమ్మా?"

"మా మనీష రెండు దినాల సంది బువ్వ తింటలేదమ్మా. క్లాసుల సారు ఏందో అడిగిండంట. ఇది లేసి, 'నాకు ఎర్క సార్' అన్నదంట. అందరు ఒక్కటే నవ్వుడు. సారు గూడ నవ్విండంట. జవాబు జెప్పనియ్యలే. ఇప్పుడు అది కూసునే బల్ల మీద గూడ గదే రాసిన్రు." చీపురు నేలకేసి కొట్టింది. "గా టీవీల మాట్లాడినదాని నోరు వడిపోను!"

నేను పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను. తిరగమోతలో ఆవాలు మాడిపోయాయి. మాడిన ఆవాలు పారబోసి మళ్లీ నూనె పోశాను.

ఆ గొంతు నాదని నేను చెప్పలేకపోయాను కానీ మనీష ఊరుకోలేదు. అశోక్ నగర్‌లో పుస్తకాల దుకాణాల ముందు, టీ బండి పక్కన నిలబడి ఫోన్ కెమెరా ముందు ఒక నిమిషం మాట్లాడి, దాన్ని నెట్లో పెట్టింది. "మా అమ్మ ఆరు ఇండ్లు తుడుస్తది. మీ ఇండ్లు గంత తెల్లగ ఉన్నయంటే మా అమ్మ చెయ్యివెట్టి తుడిచింది గనుకనే. మురికి తుడిచేటోళ్లకు శుభ్రత తెల్వదా? మురికి చేసేటోళ్లకు తెలుసా?" అంతే. రెండు రోజుల్లో ఆ వీడియో నా ఫోన్‌కు ఐదుగురు పంపించారు. కింద తిట్లూ ఉన్నాయి. "జోక్‌ను జోక్‌లాగా తీసుకోండి" అన్నవాళ్లూ, "పనిమనిషిని పనిమనిషిలాగా కాక మరెట్ల చూపిస్తారు?" అన్నవాళ్లూ. కానీ మెల్లగా మరో గొంతు పెరిగింది. మా వనపర్తి, కురుమమ్మ వాళ్ల మక్తల్ ఉన్న పాలమూరు ఆడవాళ్లు ఎక్కడెక్కడినుంచో తమ వీడియోలు పెట్టారు. ఇటుకలు మోసే ఆమె, బడిలో పాఠం చెప్పే ఆమె, కోర్టులో వాదించే ఆమె. బస్తీలో ఒక కిరాణా దుకాణమాయన తళుకు సీసాలన్నీ తీసి లోపల పెట్టేశాడు. టీవీ చానళ్లు చర్చలు పెట్టాయి.

ఆదివారం బావ భోజనానికి వచ్చాడు. నేను వడ్డిస్తున్నాను.

"కంపెనీ వాళ్లు పరేషాన్ అయితున్నరు" అన్నాడు నాకు ఒక కాగితం అందిస్తూ. "రేపు మంచి చీర కట్టుకుని రా. కెమెరా పెడ్తరు. గీ నాలుగు ముక్కలు చదువు, చాలు."

చారు గిన్నె కింద పెట్టి చదివాను. 'నేను పాలమూరు ఆడబిడ్డను. ఆ ప్రకటనలో గొంతు నాదే. అందులో మాకెలాంటి అవమానమూ కనిపించలేదు. కొందరు కావాలనే గొడవ చేస్తున్నారు.'

"రెండు నిమిషాల పని" అన్నాడు రాఘవేందర్ కంచంలోంచి తలెత్తకుండా.

"ఇంటికోసం ఆ మాత్రం చెయ్యవా?" అంది మా అత్త.

చదువుతావా అని ఎవరూ అడగలేదు. చారు ఇంకొంచెం పొయ్యమన్నాడు బావ, పోశాను. 'మాకు' అని రాసి ఉంది ఆ కాగితంలో. ఆ మాట దగ్గరే నా చూపు ఆగిపోయింది. ఎవరం మేము? ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో నేను ఎక్కడిదాన్నో ఎవరికీ కనబడకుండా కడిగేశారు. ఇప్పుడు అడ్డం పెట్టుకోవడానికి ఒక పాలమూరు మనిషి కావాల్సి వచ్చేసరికి నేను గుర్తొచ్చాను.

మర్నాడు పొద్దున కురుమమ్మ రాగానే, చెంగు దోపుకోకముందే చెప్పేశాను. "టీవీలో ఆ గొంతు నాది కురుమమ్మా."

ఆమె దోపుకోబోతున్న చెంగు వదిలేసింది. "నన్ను జూసి నేర్సుకున్నవా?"

"లేదు. మా అమ్మను చూసి."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మరి మీ అమ్మకు ఎర్కనా?" అని మాత్రం అడిగింది. జవాబు కోసం ఆగకుండా చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

బాల్కనీలో నిలబడి వనపర్తికి ఫోన్ చేశాను. అమ్మ ఎప్పటిలా వానల గురించి, మోకాళ్ల గురించి చెప్పింది. నేను "అమ్మా, టీవీలో ఒక ప్రకటన వస్తోంది..." అన్నాను.

"సూసిన బిడ్డా. మొదటి దినమే గుర్తువట్టిన. నీ గొంతు నాకు తెల్వదా?" తర్వాత, కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "నేను గట్ల మాట్లాడ్తనా?"

"లేదమ్మా" అన్నాను. ఆమె నన్ను ఓదార్చి ఫోన్ పెట్టేసింది. అదే నాకు అన్నిటికన్నా బాధైంది.

పదకొండింటికి స్టూడియోకు వెళ్లాను. మంచి చీరే కట్టుకున్నాను. అద్దం వెనక బావ, ఆయన పక్కన కంపెనీ తరఫున వచ్చిన అనురాగ్ అనే యువకుడు. కెమెరా ఎర్రలైటు వెలిగింది. "నేను పాలమూరు ఆడబిడ్డను. ఆ ప్రకటనలో గొంతు నాదే" అని కాగితంలో ఉన్నట్టే చదివాను. తర్వాత కాగితం మడిచాను.

"అందుల అవమానమున్నది. నాకు ఇప్పుడు కనవడ్డది."

చెవికున్న హెడ్‌ఫోన్లలో బావ గొంతు మోగింది. "మాధురీ, కాగితంల ఉన్నది చదువు."

"చదివిన బావా. కింద రాసింది అబద్దం."

ఆయన మైకు ఆపేశాడు. అద్దం వెనక పెదవులు కదులుతున్నాయి, మాట వినబడడం లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన మాట నాకు వినబడకుండా పోయింది. హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి కిందికి దిగాను.

రోడ్డు మీద ఇరవై ముప్పై మంది అమ్మాయిలున్నారు. కొందరి చేతుల్లో అట్టముక్కల మీద రాసిన నినాదాలు. పొద్దున మా ఇంటినుంచి వెళ్లిన కురుమమ్మ వాళ్ల మధ్యలో నిలబడి ఉంది. నేను పదకొండింటికి ఎక్కడుంటానో తెలిసిన ఆమె చెప్తేనే వాళ్లు ఇక్కడికి వచ్చారు. మనీష ముందుకొచ్చింది. ఆ పిల్ల ఫోన్లో కంటే చిన్నగా ఉంది.

"ఆంటీ, మా అమ్మ చెప్పింది నిజమేనా?"

ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. ఆటోలు హారన్లు కొడుతున్నాయి. నేను వాటికంటే గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. నోరు తెరిస్తే వచ్చింది నా పాత మాటే.

"నిజమే బిడ్డా. నేనే మాట్లాడిన. గది మా అమ్మ బాస. కాని మా అమ్మ గట్ల మాట్లాడది, మా అమ్మ మస్తు తెలివిగల్లది. మొద్దుగ మాట్లాడుమన్నరు, మాట్లాడిన. నవ్విన్రు, సంబరవడ్డ. తప్పు నాది, నువ్వు నన్ను తిట్టొచ్చు. ఇయ్యాల ఇంకో కాగితమిచ్చి, ఎవరికీ అవమానం కాలేదని చెప్పుమన్నరు. నేను చెప్ప. అవమానమైంది. నీకైంది, మీ అమ్మకైంది, వనపర్తిల మా అమ్మకైంది. గా ప్రకటన బంద్ కావాలె. మాఫీ అడగాలె. గప్పటిదాంక నేను మీతోనే నిలవడ్త."

మనీష నా చేయి పట్టుకుని తనవైపు లాగి, వరుసలో తన పక్కన నిలబెట్టింది. వెనకనుంచి ఒకమ్మాయి చప్పట్లు మొదలుపెట్టింది. ఆ చప్పట్లు రోడ్డు అవతలి బస్టాపు దాకా పాకాయి.

సాయంత్రం రాఘవేందర్ చేతిలో ఫోన్‌తో ఇంటికొచ్చాడు. "అన్న పరువు నడిరోడ్డు మీద తీసినవు. ఇంక స్టూడియోకు రావద్దన్నడు."

"నేనే ఇంక రానని మధ్యాహ్నమే మెసేజ్ పెట్టాను" అన్నాను. "ఆయన చూసుకున్నట్టు లేడు."

మర్నాడు మా అత్త వంటింట్లోకి వచ్చి, నేను కూర తరుగుతుంటే పక్కన నిలబడింది. తిట్టడానికే అనుకున్నాను. "మాది పరిగి దిక్కు పల్లె" అంది ఎటో చూస్తూ. "పెండ్లయినంక మా అత్త నాకు గూడ గదే చెప్పింది. మనింట్ల గట్ల మాట్లాడొద్దని." అంతకు మించి ఏమీ అనలేదు. నా చేతిలోంచి కత్తి తీసుకుని మిగతా వంకాయలు తనే తరిగింది.

నడిరోడ్డు వీడియో నేను ఊహించనంత దూరం వెళ్లింది. ఏ గొంతును అడ్డం పెట్టుకోవాలనుకున్నారో అదే ఎదురు తిరిగాక కంపెనీకి చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. నాలుగో రోజు ప్రకటన ఆగిపోయింది. ఆ తర్వాతి ఆదివారం అశోక్ నగర్‌లో మనీష వాళ్లు చదువుకునే రీడింగ్ హాల్‌కు వచ్చి క్షమాపణ చెప్తామని కబురు పంపారు.

నేను తయారవుతుంటే, "మరి అన్నం?" అన్నాడు రాఘవేందర్.

"బియ్యం డబ్బాలో ఉన్నాయి" అని చెప్పి బయల్దేరాను.

హాలు కిక్కిరిసిపోయింది. బస్తీ ఆడవాళ్లు పనులు మానుకుని వచ్చారు. కోచింగ్ సారు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన అంతకుముందే మనీషకు క్లాసులో అందరి ముందు క్షమాపణ చెప్పాడట. అనురాగ్ ముందు వరుసకు ఎదురుగా కూర్చుని, తలొంచుకుని, కాగితం చూసి గబగబా చదివాడు. "మా ప్రకటన వల్ల ఎవరి మనసైనా నొచ్చి ఉంటే..."

కురుమమ్మ లేచి నిలబడింది.

"సారూ, ఉంటే ఏంది? నొచ్చింది. గట్ల జెప్పు."

అనురాగ్ నావైపు చూశాడు, సాయం చేస్తానేమో అని. నేను కురుమమ్మ వైపు చూస్తున్నాను. అతను జేబులోంచి పెన్ను తీసి, కాగితంలో ఆ మాట కొట్టేశాడు. "మీ మనసు నొప్పించినందుకు..." అని మళ్లీ మొదలుపెట్టాడు.

"లేసి నిలవడి జర గట్టిగ సదువు బిడ్డా" అంది కురుమమ్మ. "ఎనకున్నోళ్లకు ఇనవడ్తలేదు."

అతను లేచి నిలబడి, మొదటినుంచీ చదివాడు.