మూత కింద నీళ్లు

ఉప్పుగూడలో ఆగమ్మ ఉండే గల్లీకి ఎనిమిది రోజులుగా నల్లా రాలేదు. సిమెంటు రోడ్డు వేసినవాళ్లు వాల్వు మూతను కూడా కప్పేశారు. వాల్వు చోటుకు మొగులయ్య గుర్తు పెట్టుకున్న అరుగు ఆ పనిలోనే పోయింది.

మొగులయ్య నీళ్ల లైన్‌మన్. రిటైరయ్యే ముందు ఆ రోజు అతని చివరి డ్యూటీ. సర్కారు హద్దులు మార్చింది; మర్నాటి నుంచి గల్లీ పక్క సెక్షన్‌లోకి పోతుంది. అక్కడి ప్లానులో ఈ వాల్వు లేదు. తవ్వి, ఫొటో తీసి ఇస్తేనే రాసుకుంటామని ఆ ఆఫీసువాళ్లు అన్నారు.

పొద్దున ఆరింటికి అతను ఇనుప కడ్డీని రోడ్డుకు ఆనించి, కింద నీళ్ల చప్పుడు కోసం పై కొసను చెవికి పెట్టుకున్నాడు. అతని స్థానంలోకి వస్తున్న సుజన గడ్డపారతో నిలబడింది.

“ఈడనే,” అన్నాడు.

సుజన తవ్వింది. మట్టి వచ్చింది. రెండోచోటా మట్టే.

“ఏంరా మొగులయ్యా, వాల్వుకు తవ్వుతున్నవా, నాకు బొంద తవ్వుతున్నవా?” ఖాళీ బిందెల పక్కన కూర్చున్న ఆగమ్మ అంది.

మొగులయ్య కడ్డీ దించాడు.

“చెవులు పోయి మూడేండ్లయింది బేటా,” అన్నాడు సుజనతో. “కడ్డీని పళ్లతోని కరిచి పట్టుకుంటుంటి. నీళ్ల సప్పుడు దవడకు తెలుస్తుండె. పోయిన నెల ఉన్నయన్ని పీకిచ్చి పళ్ల సెట్టు కట్టిచ్చుకున్న. సన్మానంల ఫొటో దిగాలె గదా. ఇగ ఏం తెలుస్తలేదు.”

సుజన నవ్వలేదు. కడ్డీ కొసను చున్నీతో తుడిచి పళ్ల మధ్య పెట్టుకుంది.

“కండ్లు మూస్కో. ఆ వాల్వు మూసినా సన్నగ కారుతది. చాయ్ గిన్నె మరిగే ముంగట అంటది సూడు, గట్ల.”

అతను కడ్డీ కింది కొసను జానెడు జానెడు జరిపాడు. నాలుగుసార్లు ఆమె తల అడ్డంగా ఊపింది. ఐదోసారి కళ్లు తెరిచింది.

“ఈడ కాకా.”

“పక్కానా?”

“పక్కా. ముక్కు దాకా వచ్చింది.”

అడుగు లోతులో మూత తగిలింది. ఇద్దరూ కలిసి వాల్వు తిప్పారు. నల్లాలో ముందు గాలి, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత మంచినీళ్లు వచ్చాయి. ఆగమ్మ గల్లీ అంతటినీ పేరుపేరునా పిలిచింది.

సుజన ఫోన్ తీసింది. “పక్కన కూసో కాకా.”

“నేనెందుకు? ఆఫీసుకు వాల్వు గావాలె.”

“ఎవలు సూపిచ్చిన్రో గూడ తెల్వాలె గదా.”

అతను చేతుల మట్టి దులుపుకుని కూర్చున్నాడు. పెదవులు బిగించాడు.

“పళ్లు సూపియ్‌రా,” బిందె ఎత్తుకుంటూ ఆగమ్మ అంది. “గందుకే గదా కట్టిచ్చుకున్నవ్.”

మొగులయ్య నవ్వాడు. సుజన రెండు ఫొటోలు తీసింది. ఆఫీసుకు ఒకటి చాలు.