సోమవారం మోటారు

మొదటి గంట కొట్టేలోపు మోటారు పాడుచేయాలి. బడి ల్యాబు అటెండరు మూత విప్పి, లోపల కరెంటు దాటే చోట ఒక కాగితం ముక్క అడ్డంగా దూర్చి, మళ్ళీ స్క్రూలు బిగించాడు. వేళ్ళ చివర్లు నూనెతో నల్లబడ్డాయి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో చితికి, సగమే మిగిలింది.

ఇరవై ఆరేళ్ళుగా ప్రతి సోమవారం ఏదో ఒకటి పాడుచేయడమే పని. పుస్తకంలో బొమ్మ చూస్తే ఇంజనీరు కావాలన్న కోరిక పుట్టదని, పాడైన వస్తువు చేతికి దొరికితేనే పుడుతుందని ఆయన నమ్మకం. చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పినందుకు నాన్న వీపు విమానం మోత మోగించాడు. ఆ తర్వాత ఆయన చేతికి వచ్చింది చీపురే. ఈ సోమవారాల సంగతి తెలిసింది భార్యకొక్కదానికే. “ఇంట్లో మిక్సీ బాగుచేయడానికి తీరిక లేదు గానీ, బళ్ళో మోటారు పాడుచేయడానికి పొద్దున్నే తయారు,” అని దెప్పుతుంది. పాపం, ఆవిడ మాటలో తప్పేం లేదు.

విరామంలో పరిగెత్తుకొచ్చింది పదో తరగతి పిల్ల, బస్సు డ్రైవరు కూతురు. ఇంజనీరింగ్ డిప్లొమా కోర్సుకి ఆ పిల్ల పెట్టిన దరఖాస్తు ఈ సాయంత్రంలోగా వెళ్ళాలి. పెద్దమేడం సంతకం ఒక్కటే బాకీ. వస్తూనే ఆగిపోయిన మోటారుకి టెస్టరు ఆనించి చూసింది.

“మావయ్యా, కరెంటు లోపలిదాకా వస్తోంది. అక్కడెక్కడో ఆగిపోతోంది.”

“చూడు మరి. నన్నడుగుతావేం?”

పిల్ల మూత తీసింది. సరిగ్గా అప్పుడే పెద్దమేడం, తనిఖీ అధికారి లోపలికి వచ్చారు. తనిఖీ ఉందని అటెండరుకి ఎవరూ చెప్పలేదు.

“ఇక్కడ వారం వారం ఏదో ఒకటి ఎందుకు చెడుతోందో ఇప్పుడు తెలిసింది,” అంది మేడం. “నీ దరఖాస్తు మీద సంతకం పెట్టను. క్లాసుకి పో.”

“నేను బాగుచేస్తున్నా మేడం,” అంది పిల్ల. ఎవరూ వినిపించుకోలేదు.

అటెండరు రిటైర్మెంటుకి ఇంకా ఏడు నెలలు. నోరు మూసుకుంటే గండం గడిచిపోతుంది. నిజానికి మూసుకుందామనే అనుకున్నాడు. పిల్ల మాత్రం విప్పిన స్క్రూలు దొర్లిపోకుండా ఒక్కొక్కటే మూతలో వేస్తోంది. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

“పాడుచేసింది నేను మేడం. ప్రతివారం నేనే.”

“మీరా? ఎందుకు?”

“వీళ్ళు విప్పాలని.”

మేడం నమ్మలేదు. పిల్ల కాగితం ముక్క బయటికి లాగి, మూత బిగించి స్విచ్ వేసింది. మోటారు గిర్రున తిరిగింది. అధికారి ఆ నలిగిన ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, ఏదో రాసుకున్నాడు.

“దాని దరఖాస్తు మీద సంతకం పెడతాను,” అంది మేడం. “మీరు తాళాలిచ్చి వెళ్ళండి. రేపట్నుంచి రావద్దు.”

ఆయన తాళాలు బల్ల మీద పెట్టాడు. పిల్ల గుమ్మం దాకా వెంట వచ్చింది.

“అన్నీ మీరు పాడుచేసినవేనా మావయ్యా?” అని అడిగింది. ఆ గొంతులో కోపమే ఎక్కువుంది.

“అన్నీ కాదమ్మా. మొన్న వానల్లో పంకా దానంతటదే పోయింది. అది నాకు చేతకాలేదు. నువ్వే చేశావు.”

ఆ మాట చెప్పి, వెనక్కి తిరగకుండా గేటు దాటాడు.

తలుపు వెనక మేకుకి ఆయన నీలం కోటు ఉండిపోయింది, దాని జేబులో పెన్సిలుతో రాసుకున్న చిన్న కాగితం: “వచ్చే సోమవారం బడి కరెంటు గంట. ఈ పిల్లకి కాస్త కష్టంగా ఉండాలి.”