ఘంటసాల రోడ్డు మీద చలివేంద్రం

గుడివాడ నుంచి బందరు, బందరు నుంచి అవనిగడ్డ, అక్కడి నుంచి హంసలదీవి. తిరుగుదారిలో చల్లపల్లి, ఘంటసాల, పామర్రుల మీదుగా మళ్లీ గుడివాడ. మొత్తం రెండు వందల కిలోమీటర్లు. తెల్లవారకముందే బయల్దేరి రాత్రి ఏడున్నరలోగా సైకిలు మీద తిరిగి రావాలి. పోయినేడాది అపర్ణ ఆ దూరమంతా తొక్కింది. కానీ అది లెక్కలోకి రాలేదు.

కారణం ఆమె మేనత్త త్రిపురసుందరి. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై ఘంటసాలలో ఉంటున్నారావిడ. మేనకోడలు తమ ఊరి మీదుగా ఎండలో సైకిలు తొక్కుకుంటూ వెళ్తోందని తెలిస్తే ఆవిడ ప్రాణం ఊరుకుంటుందా? కారు కట్టించుకుని చల్లపల్లి దాకా ఎదురెళ్లారు. రోడ్డు పక్కన చాప పరిచి, పులిహోర, గారెలు పెట్టి, ఫ్లాస్కులోంచి కాఫీ పోసి, తడి తువ్వాలు మెడకు చుట్టి మరీ పంపారు. ఆ ఫొటోలన్నీ మురిసిపోతూ స్టేటస్‌లో పెట్టుకున్నారు. ఈ రైడ్ నడిపే కృష్ణచైతన్య ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. ఫొటోలు చూశాడు. దారిలో దుకాణంలో కొనుక్కోవచ్చు, ఎవరికైనా దొరికేది ఏదైనా పుచ్చుకోవచ్చు, సొంత మనుషుల సాయం మాత్రం కార్డు మీద ముద్ర వేసే కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప మధ్యలో పనికిరాదన్నది నిబంధన. ఎంతో మొహమాటపడుతూ అపర్ణ పేరు కొట్టేశాడు.

"గారెలు తిని ఫెయిలైన మనిషిని నిన్నే చూశాను" అని భర్త ఫణీంద్ర ఏడాది పొడుగునా ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

అందుకే ఈసారి అపర్ణ ముందుగానే అత్తయ్యకు ఫోన్ చేసి, ఎదురు రావద్దని, ఏమీ తేవద్దని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఇది కూడా పోతే ఇక సైకిలు అమ్మేస్తానంది.

"అంటే మా ఊళ్లోంచి వెళ్తూ గుక్కెడు మంచినీళ్లు కూడా పుచ్చుకోవన్నమాట" అన్నారు అత్తయ్య. ఎవరికైనా దొరికేదైతే తప్పులేదని ఆ చైతన్య అన్న మాట నిజమేనా అని అడిగి, ఔననగానే ఫోన్ పెట్టేశారు. కోపం వచ్చిందనుకుంది అపర్ణ.

బయల్దేరిన రోజు మాత్రం ఆ దిగులంతా గుడ్లవల్లేరు దాటేసరికే గాలికి ఎగిరిపోయింది. చీకట్లో ముందు లైటు వెలుగు ఒక్కటే రోడ్డు మీద పరుగెడుతోంది. చక్రాలు సన్నగా ఈల వేస్తున్నాయి. పెడన దగ్గర తెల్లవారింది. కాలువ మీద పొగమంచు, దాని మీద కొంగలు. బందరులో కోనేరు సెంటరు దగ్గర వేడివేడి ఇడ్లీ నిలబడే తింది. రోజూ అందరికీ వడ్డించి ఆఖరున చల్లారిన ఇడ్లీ తినే మనిషికి, పొగలు కక్కే ఇడ్లీ ఆ పూట విందు భోజనంలా ఉంది. పులిగడ్డ వంతెన మీద కృష్ణ అంత వెడల్పునా మెరుస్తుంటే, ఎవరూ లేరు కదా అని గట్టిగా కేక పెట్టింది. వెనకాల వస్తున్న పాల వ్యాను డ్రైవరు హారన్ కొట్టి బదులిచ్చాడు.

కోడూరు దాటాక సముద్రపు గాలి ఎదురు తిరిగింది. ఎంత తొక్కినా సైకిలు కదిలినట్టే ఉండదు. తల వంచి, పళ్లు బిగించి, సరుగుడు తోటల మధ్య నుంచి హంసలదీవి చేరింది. నది వెళ్లి సముద్రంలో కలిసే చోటు చూసి నవ్వుకుంది. ఇక తిరుగుదారి, గాలి వెన్ను తడుతుంది కదా!

కానీ గాలి ఇచ్చినదాన్ని రోడ్డు లాక్కుంది. ఊరు ఊరునా బళ్ల కింద నలగడానికి మినుప కట్టెలు పరిచి ఉన్నాయి. వాటి మీద టైరు జారింది. ఆపైన పంక్చరు. ట్యూబు తనే మార్చుకుంది గానీ, కంగారులో మొదటిసారి సరిగా ఎక్కించక రెండోసారి విప్పాల్సి వచ్చింది. పోయిన సమయం రాబట్టాలన్న తొందరలో చల్లపల్లిలో ఆగకుండా, నీళ్లు కొనుక్కోకుండా వచ్చేసింది. అదే పొరపాటు. కాసేపటికి సీసాలు ఖాళీ అయ్యాయి. పిక్కలు పట్టేశాయి. కళ్ల ముందు రోడ్డు అలలు అలలుగా కదులుతోంది.

ఘంటసాల పొలిమేరలో పచ్చటి కొబ్బరాకుల పందిరి కనిపించింది. తడిగుడ్డ చుట్టిన పెద్ద కుండలు, వాటి వెనకాల గరిటె పట్టుకుని అత్తయ్య. పక్కనే గ్లాసు పట్టుకుని కృష్ణచైతన్య. ఈసారీ పేరు కొట్టేస్తాడనిపించింది అపర్ణకు. ఆగకుండా వెళ్లిపోదామనుకుంది గానీ కాళ్లు ఒప్పుకోలేదు.

దిగాక చూసింది, పందిరి ముందు పెద్ద వరసే ఉంది. మినుము పీకే కూలీలు, ఆటో ప్రయాణికులు, తనతో బయల్దేరిన ఇద్దరు కుర్రాళ్లు. అది అందరి కోసం పెట్టిన చలివేంద్రం. కృష్ణచైతన్య మాత్రం ఇంకా అనుమానంగానే ఉన్నాడు.

"రేపు కూడా ఉంటుందాండీ, టీచర్‌గారూ?"

"ఎండలు తగ్గేదాకా ఉంటుంది. వీధిలో అందరికీ వంతులు వేశాను. ఆదివారాలు నీ వంతు. పెరుగు నువ్వే తెచ్చుకోవాలి."

అతను బుద్ధిగా మజ్జిగ తాగేశాడు.

అపర్ణ వరస చివర నిలబడింది. ఆమె వాలకం చూసి జాలిపడ్డ ఒక కూలీ ఆవిడ, పందెంలో ఉన్న మనిషట, ముందు పోసెయ్యండి అంది. అత్తయ్య కుండ మీంచి తల ఎత్తలేదు.

"ఎవరైనా సరే, వరసలోనే రావాలమ్మా."

నిమిషాలు కరిగిపోతున్నాయి. అయినా అపర్ణకు ఒళ్లంతా నవ్వు పొంగుకొచ్చింది. వంతు వచ్చాక గ్లాసు అందుకుంది. అల్లం, కరివేపాకు, కాస్త ఉప్పు ఎక్కువే వేసిన మజ్జిగ. గొంతులోంచి కడుపు దాకా చల్లగా దిగింది. ఇంకొకటి అడిగితే, రెండోది కావాలంటే మళ్లీ వెనక నుంచి రావాలన్నారు. వెళ్లి మళ్లీ చివర నిలబడింది. రెండో గ్లాసు అందిస్తున్నప్పుడు మాత్రం అత్తయ్య గొంతు తగ్గించారు.

"ఆలస్యం చేయకు. వెళ్లు, తల్లీ."

ఇక అక్కడి నుంచి అపర్ణ తొక్కిన తొక్కుడు ఆమెకే నమ్మశక్యం కాలేదు. పిక్కలు వదిలాయి. సముద్రపు గాలి వీపు మీద చేయి పెట్టి తోసినట్టు తోసింది. ముందు వెళ్లిన కుర్రాళ్లిద్దరినీ దాటింది. పామర్రులో రైసు మిల్లు లారీల మధ్య నుంచి దూసుకుపోయింది. గుడివాడ లైట్లు కనిపించేసరికి ఏడు దాటిపోయింది. రైడ్ ముగిసే రైల్వే స్టేషన్ ఎదుట జనం, ఆటోలు, బస్సులు. అందరినీ తప్పుకోమని అరుస్తూ వచ్చి, అప్పటికే మోటారు సైకిలు మీద చేరుకున్న కృష్ణచైతన్య ముందు బ్రేకు వేసింది.

అతను ఫోన్‌లో టైము చూశాడు. ఏడున్నర ఇంకా కాలేదు. దారిలో సొంత మనుషుల సాయమేమైనా తీసుకున్నారా అని నిబంధన ప్రకారం అడిగాడు.

"సొంత మనుషులా? అక్కడ నన్ను ఎవరూ ఎరగరండీ" అంది అపర్ణ.

అతను నవ్వి, ఆమె కార్డు మీద ముద్ర కొట్టాడు.

తీసుకెళ్లడానికి వచ్చిన ఫణీంద్ర కారు తలుపు తీసి, సైకిలు వెనకాల ఎక్కించేద్దాం, కూర్చోమన్నాడు. అపర్ణ వినిపించుకోలేదు. ఇల్లు ఎంతో దూరం లేదు, కారు నెమ్మదిగా తీసుకురమ్మని చెప్పి, మళ్లీ పెడలు మీద కాలు వేసింది.