ఆకురాయి గాటు

విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్ళే బస్సులో ఉష మూడుసార్లు సీటు మారింది. ఎక్కడ కూర్చున్నా కాలు నిలవలేదు. ఒళ్ళోని టిఫిను డబ్బాలో, పాత చీర ముక్కలో చుట్టి, అమ్మ కంటె ఉంది. మెడను చుట్టే ఆ లావుపాటి కంటెకు ఒకచోట గోరంత గాటు. గాటులో తెల్లగా వెండి కనిపిస్తోంది. ఆ గాటు పెట్టించింది తనే.

ఎమ్మే చరిత్ర చదివే పిల్ల చదువుకుని ఊరుకోవచ్చు కదా! సోమవారం సెమినార్‌లో ఆంగ్లో-శాక్సన్ల బంగారం మీద మాట్లాడాలి. పధ్నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు దొరలు కత్తిపిడులకు సైతం బంగారం తొడిగించుకునేవారు. దాన్ని బట్టే ఎవరెంతవాడో లోకానికి తెలిసేది. తీరా ఈమధ్య పరీక్షిస్తే కొన్నిటి లోపల వెండి బాగానే కలిసి ఉంది. పైపొరలోని వెండిని మాత్రం కంసాలులు ఉపాయంగా తీసేసి మేలిమిలా మెరిపించారు. "అంతా పైమెరుగే" అని కాగితం మీద రాసుకుని ఉష తెగ మురిసిపోయింది.

సరిగ్గా అప్పుడే అమ్మ కంటెకు మెరుగు పెట్టించమని పంపింది. గంగమ్మ పండక్కి ముందు ఏటా అది మామూలే. ఈ పొద్దున తెచ్చుకోవడానికి వెళ్తే కంసాలి త్రినాథ్ దాన్ని గీటురాయి మీద గీసి చూపించాడు. పచ్చటి గీత పడింది.

"లోపల కూడా ఇలాగే ఉంటాదా, మావా?"

త్రినాథ్ పని ఆపి తలెత్తాడు. "గీటురాయికి పైమాటే తెలుస్తాది. లోపలి మాట ఆకురాయి సెప్పాల. మీ యమ్మకి సెప్పే అడుగుతన్నావా?"

"సెప్పాను," అంది ఉష. అబద్ధం ఇట్టే నోటి నుంచి జారింది. ఆకురాయితో నాలుగు రాపిళ్ళు పడ్డాయి. మళ్ళీ మెరుగు పెట్టాలంటే రెండు రోజులన్నాడు త్రినాథ్. పండగేమో ఇవాళ సాయంత్రమే.

ఊళ్ళో ఆ కంటె ఉన్న ఇంటి ఆడదే గంగమ్మకు మొదటి కడవ మోస్తుంది. ఆ కడవ సముద్రం ఒడ్డున దించాకే పడవలు కదులుతాయి. కంటె మేలిమి కాదని తేలిన రోజున కడవ ఊళ్ళోని మరో పెద్దింటి జగ్గమ్మ తలకెక్కుతుంది. ఆ రోజు కోసం జగ్గమ్మ ఇరవై ఏళ్ళుగా కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తోంది.

ఇంటికి చేరేసరికి డప్పుల చప్పుడు వినిపిస్తోంది. అమ్మ కూర్మమ్మ కంటెను గుమ్మం వెలుతురులో తిప్పి చూసింది. గాటు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ఉష ఏడుపు గొంతుతో అంతా చెప్పేసింది.

"అమ్మా, అందులో బోలెడు ఎండి ఉన్నాదే!"

"నాకు తెలీదేటే? కొత్తకోడలిగా ఒచ్చిన నాడే మీ నాన్నమ్మ సెవిలో ఊదింది. తెలీకపోతే ఏడాదికోపాలి మెరుగెందుకు ఎట్టిస్తాను?"

"మరి ఇన్నేళ్ళూ..."

"ఇన్నేళ్ళూ మెడ ఒంచలేదు. అంతే."

నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఉషకు. కూర్మమ్మ తిట్టలేదు. కంటెను తెచ్చి కూతురి మెడకు తొడిగింది. "దీనికి ఆకురాయి తగిలించినోళ్ళే ముందు దీన్ని మెళ్ళో ఏసుకోవాలని మీ నాన్నమ్మ ఆన. ఈ ఏడు కడవ నువ్వే మొయ్యి."

కంటె చల్లగా, బరువుగా ఉంది. ఉష గాటున్న వైపును మెడ వెనక్కి తిప్పి, జడ విప్పి జుట్టును దాని మీదికి పరుచుకుంది. అలా చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వాకిట్లో ఆడవాళ్ళంతా చేరారు. తల మీద కడవతో ఉష బయటికి రాగానే జగ్గమ్మ అడ్డంగా నిలబడి ఎగాదిగా చూసింది.

"మీ యమ్మ మొయ్యకుండా నువ్వొచ్చినావేటే? సదూకున్నదానివి, గంగమ్మ కడవ తల మీదున్నాది. నిజం సెప్పు. ఇది మేలిమేనా?"

డప్పులు ఆగాయి. ఉషకు సోమవారం చదవబోయే కాగితం గుర్తొచ్చింది. ఆమె మెడ నిటారుగా నిలబెట్టింది.

"మేలిమే, పెద్దమ్మా. ఆకురాయి ఎట్టించి మరీ సూసాను."