తోటలో తప్పిపోయిన పిల్ల, స్తంభం మీద నేను

నేను ఒక అల్యూమినియం గొట్టాన్ని. ఉమ్మెత్త పువ్వును పక్కకి వంచినట్టు ఉంటాను. జనం నన్ను మైకు అంటారు గానీ మైకు వేరు. అది మనిషి నోటి దగ్గర ఉంటుంది, దాన్ని మర్యాదగా చేత్తో పట్టుకుంటారు. నేను ఎండకీ వానకీ స్తంభం చివర వేలాడుతూ ఉంటాను. అక్కడ వాళ్లు నెమ్మదిగా అన్నదాన్ని ఇక్కడ నేను గట్టిగా అరుస్తాను. ఇంత పెద్ద నోరుండీ సొంతంగా ఒక్క మాట పలకలేను.

విజయవాడలో రైలుకట్ట పక్కన ఒక రేకుల షెడ్డులో పుట్టాను. సాలూరులో మైకు సెట్లు అద్దెకిచ్చే బంగారయ్య నన్ను కొని తెచ్చుకున్నాడు. ఆయన దగ్గర ఉన్నన్నాళ్లూ నా చేత పలికించని మాట లేదు. పెళ్లిళ్లలో తెల్లారకముందే పాటలు పాడి చుట్టుపక్కల ఇళ్లవాళ్ల చేత తిట్లు తిన్నాను. రిక్షా ఎక్కి కొత్త సినిమా వచ్చిందని వీధి వీధీ చాటాను. ఎన్నికలప్పుడు పొద్దున ఒక జెండా కట్టుకుని ఎదుటివాడు దొంగ అన్నాను. మధ్యాహ్నం ఆ ఎదుటివాడి జెండా కట్టుకుని మొదటివాడు దొంగ అన్నాను. రెండు పూటలా అవే చేతులు చప్పట్లు కొట్టాయి.

తర్వాత నల్లటి పెట్టెల్లాంటి కొత్త స్పీకర్లు వచ్చాయి. నన్ను అడగడం మానేశారు. బంగారయ్య నన్ను గుడ్డతో తుడిచి, కొండమీది తోటవాళ్లకి అమ్మేశాడు. ఆ ఊరి పేరు చెప్పను, చెబితే తోటవాళ్లు నొచ్చుకుంటారు. ఘాట్ రోడ్డు మీద మలుపులు తిరుగుతూ, కాఫీ తోటలు దాటి పైకొస్తే తగిలే చల్లటి ఊరు అనుకోండి చాలు. తోట మాత్రం చూసి తీరాల్సిందే. గులాబీ మళ్లు, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నడక బాట, లోపలంతా తడి వాసన వేసే అద్దాల ఇల్లు. వాటికి అవతల తోట చివర లోయ. లోయ అంచున ఇనప కమ్మీలు. మధ్యాహ్నం దాటితే చాలు, మంచు ఆ కమ్మీల మీంచి లోపలికి వచ్చేస్తుంది.

పచ్చిక మైదానం మధ్య ఒక ఇనప స్తంభానికి నన్ను బిగించారు. కింద పాంగి సుభద్ర బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేది. మైకు ఉన్న ఆఫీసు గది దూరంగా, పల్లంలో, గేటు పక్కన. అందులో కూర్మారావు కూర్చునేవాడు. చెడ్డవాడు కాదు. తన గొంతు అంటే తనకి ఇష్టం, అంతే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాటలు వేసేవాడు. మధ్యమధ్య పాట ఆపి, “సందర్శకులకు ముఖ్య గమనిక, పువ్వులు కోయరాదు” అనేవాడు. నేను అలా అరుస్తుండగానే నా కళ్లముందే కోసేవారు.

ఒక కార్తీక మాసంలో పలాస నుంచి ఒక బస్సు వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు వనభోజనాలకి వచ్చారు. జీడిపిక్కల నూనెకి అందరి వేళ్లూ నల్లబారి ఉన్నాయి. నా స్తంభం పక్కనే జంపఖానాలు పరిచి, పులిహోర, వంకాయ కూర వడ్డించుకున్నారు. వాళ్లలో దాలమ్మ అనే ఆమె ఎనిమిదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పసుపు గౌను, దాని మీద ఎర్ర స్వెట్టరు. దాలమ్మ ఆ పిల్ల చెయ్యి ఒక్క క్షణం వదల్లేదు. పిల్లకి అన్నం తినిపించాలన్నా, మంచినీళ్లు తాగించాలన్నా భుజం మీద తట్టేది.

“ఈడ పులులున్నాయేటే? కాసేపు వొగ్గీ. ఆడుకోనీ,” అంది పక్కనున్నామె నవ్వుతూ.

“వొగ్గితే నా పేనం కొట్టుకుంతాది,” అంది దాలమ్మ.

భోజనాలయ్యాక అందరూ గులాబీల దగ్గర ఫోటో దిగడానికి వెళ్లారు. ఫోటో కోసం చెంగు సర్దుకుంటూ దాలమ్మ ఆ చెయ్యి వదిలి ఉంటుంది. కాసేపటికి పిల్ల ఒక్కతే పరుగెత్తుకుంటూ తిరిగి నా కిందికి వచ్చింది. వచ్చి స్తంభం మీద అరచెయ్యి పెట్టింది. నేను అప్పుడు డోలు వాయిద్యంతో ఉన్న పాత పాట ఒకటి పాడుతున్నాను. పిల్ల ముఖం విప్పారింది. రెండో చెయ్యి కూడా పెట్టింది. ఆ తర్వాత చెంప ఆనించి, కళ్లు మూసుకుంది. అలా ఎవరూ నిలబడగా నేను చూడలేదు. పిల్లలు స్తంభాన్ని ఎక్కబోతారు, రాళ్లతో కొడతారు, మేకుతో పేర్లు గీస్తారు. ఈ పిల్ల నన్ను కావలించుకుని నిలబడింది.

పాట మధ్యలో ఆగిపోయింది. కూర్మారావు గొంతు వచ్చింది.

“సందర్శకులకు ముఖ్య గమనిక. పూజిత, వయసు ఎనిమిదేళ్లు. పసుపు గౌను, ఎర్ర స్వెట్టరు. చిన్నారి పూజిత ఎక్కడున్నా వెంటనే ఆఫీసు వద్దకు రావలెను. మీ అమ్మగారు ఎదురుచూస్తున్నారు.”

పసుపు గౌను నా కాళ్ల దగ్గరే ఉంది. ఆ పిల్ల పేరే నేను అరుస్తున్నాను, మైదానం మొత్తం అదిరేలా అరుస్తున్నాను. ఆ పిల్ల తల కూడా ఎత్తలేదు. కూర్మారావు వెనకనుంచి ఒక ఆడగొంతు సన్నగా వినబడింది. “బాబూ, దానికి…” అంతలో టక్కున స్విచ్చి కట్టేశాడు.

పిల్ల తప్పిపోయింది కదా, వస్తే అలికిడి తెలియాలని పాటలు కూడా ఆపేశారు. మంచి ఉద్దేశమే. తోట అంతా నిశ్శబ్దం. నా కింద పూజిత కళ్లు తెరిచి స్తంభం కేసి చూసింది. అరచేత్తో తట్టింది. చెవి కాదు, చెంప ఆనించి చూసింది. ఏమీ లేదు. ఇనుము చచ్చిపోయినట్టుంది. కాసేపు నిలబడి, స్తంభాన్ని వదిలి నడక మొదలుపెట్టింది. ఆఫీసు వైపు కాదు, గులాబీల వైపు కాదు. లోయ వైపు.

అప్పటికే మంచు కమ్మీలు దాటి లోపలికి వచ్చింది. అంచున ఒకచోట కమ్మీ ఊడిపోయి తాడు కట్టి ఉంది. పైనుంచి నాకు రోజూ కనిపించే చోటే. సుభద్ర తల వంచుకుని పొత్తు తిప్పుతోంది. ఫోటోలు తీసుకునేవాళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు. కూర్మారావు మళ్లీ వచ్చి, అవే మాటలు, అదే వరసలో, కాస్త ఇంకా బాగా చదివాడు. నేను అరిచాను. పసుపు గౌను మంచులో పలచబడి, తెల్లబడి, కనబడకుండా పోయింది.

ఎన్నికల్లో ఊళ్లకి ఊళ్లు అదరగొట్టినదాన్ని. ‘అటు పోతోంది, పట్టుకోండి’ అనే చిన్న మాట నాలోంచి రాలేదు.

అప్పుడు తీగలో పెనుగులాట వినబడింది. “ఏంటమ్మా, అది పట్టుకోకూడదు, ఆఫీసు సొమ్ము” అంటున్నాడు కూర్మారావు. మైకు దేనికో తగిలి గీరుకుంది. ఆ తర్వాత దాలమ్మ గొంతు, నోటికి మరీ దగ్గరగా, ఊపిరితో సహా వచ్చింది.

“అమ్మల్లారా, అయ్యల్లారా… నా కూతురికి సెవులు ఇనబడవు. పుట్టినకాడ్నుంచీ ఇనబడవు. పేరెట్టి పిలిత్తే అది రాదు. మీకు ఇనబడతాది గదా… మీరు సూడండి. పసుపు గౌనేసుకుంది. దాన్ని పిలవకండి తల్లీ. ఎల్లి ముట్టుకోండి.”

సుభద్ర చేతిలోని విసనకర్ర ఆగింది.

“ఆ స్తంభం పట్టుకున్న పిల్లా!” అంది పైకే. పొత్తులు బొగ్గుల మీదే వదిలేసి, చీర ఎగదోపి, తాడు కట్టిన చోటి వైపు మంచులోకి పరుగెత్తింది. ఆమె వెనక మరో ఇద్దరు ముగ్గురు. వాళ్లూ కనబడకుండా పోయారు.

ఇక నాకు కనబడేది తెల్లటి గోడ, వినబడేది దాలమ్మ. చెప్పాల్సింది అయిపోయినా ఆమె మైకు వదల్లేదు. కూర్మారావూ లాక్కోలేదు. “అమ్మా… బంగారూ… రాయే…” అని ఏడుస్తూనే ఉంది. వినబడదని ఇప్పుడే ఊరందరికీ చెప్పిన మనిషి, ఆ బిడ్డనే పిలుస్తోంది. ఆ పిలుపు నేను పలికాను. పొత్తులు మాడి పొగ వస్తోంది.

మంచులోంచి ముందు సుభద్ర నల్లటి చీర కనబడింది. ఆమె చంకన పసుపు గౌను.

“తాడు కింద దూరిపోతా ఉంది. కాలు పట్టి లాగినాను,” అంటోంది ఎవరితోనో, ఆయాసపడుతూ. ఒకాయన ఆఫీసు వైపు పరుగెత్తాడు. సుభద్ర పిల్లని నా కింద దించింది. దించగానే పూజిత చెయ్యి వెళ్లి స్తంభాన్ని పట్టుకుంది. వాళ్లమ్మ ఏడుపు ఇనుములో వణుకుతోంది. పిల్ల నవ్వింది. చెంప ఆనించి, హాయిగా నవ్వింది.

ఏడుపు ఠక్కున ఆగింది. కబురు అందినట్టుంది. దాలమ్మ పల్లంలోంచి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. వస్తూనే పిల్ల వీపు మీద ఒకటి వేసింది. వెంటనే ఒళ్లోకి లాక్కుని, నల్లటి వేళ్లతో ముఖమంతా తడిమింది. సుభద్ర కాళ్లు పట్టుకోబోతే, సుభద్ర వెనక్కి జరిగి, “పొత్తు తిను, పాపకి పెట్టు” అంటూ మాడనిది ఒకటి వెతికి ఇచ్చింది.

పూజిత పొత్తు తీసుకోలేదు. తల్లి చెయ్యి పట్టుకుని లాగింది. లాక్కొచ్చి ఆ అరచేతిని నా స్తంభం మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి నొక్కింది. తల్లి ముఖంలోకి ఆశగా చూసింది. చూడు, చూడు అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

స్తంభం కదలకుండా ఉంది. నాలో ఏమీ లేదు.

కూర్మారావూ, ఒక్క మాట. పువ్వులు కోయరాదు అను. పోనీ దగ్గు. పల్లంలో అతను ఎవరో తెచ్చిన టీ తాగుతూ ఉంటాడు.

“ఏటే? సల్లగున్నాదా?” అంది దాలమ్మ, ఇనుము తడిమి. “సలేత్తందా నా తల్లికి?” తన శాలువా తీసి పిల్లకి చుట్టింది. పూజిత తల అడ్డంగా ఊపింది. స్తంభాన్ని అరచేత్తో కొట్టింది. ఇంకోసారి కొట్టింది. తల్లి చెయ్యి మళ్లీ తెచ్చి పెట్టింది. దాలమ్మకి అర్థం కాలేదు. గేటు దగ్గర బస్సు హారను కొడుతోంది. తోటివాళ్లు పిలుస్తున్నారు.

“పద. పద అమ్మా, సీకటడిపోతాది,” అని పిల్లని చంకనెత్తుకుంది. తల్లి భుజం మీంచి పూజిత నా కేసి చూస్తూనే వెళ్లింది.

బస్సు దీపాలు వెలిగాయి. కదిలింది. అప్పుడు తీగలో టక్కుమంది. కూర్మారావు గొంతు సర్దుకున్నాడు.

“సందర్శకులకు మనవి. తోట మూసే వేళయింది. మళ్లీ దయచేయండి.”

స్తంభం పైనుంచి కింది దాకా జుమ్మని వణికింది. బస్సు మలుపు తిరిగింది.