పైడయ్య మడిచిన గొడుగు

ఈ పూటైనా మోకాలికి నూనె రాసుకోవాలి అనుకుంటూనే సోఫియా చేయి వెనక్కి పోనిచ్చి చిన్న గొడుగును గాలిలోకి వదిలింది, అది వీపు మీది సంచిలోంచి పెద్ద ప్యారాచూట్‌ని లాగుతుంది, ఎవరో భుజాలు పట్టి పైకెత్తినట్టవుతుంది, ఆ తరువాతంతా నిశ్శబ్దం, తొమ్మిది వందల దూకుళ్ళలోనూ అంతే జరిగింది, ఇవాళ ఎత్తడమైతే ఎత్తింది గానీ నిశ్శబ్దం రాలేదు, ఒక్క కుదుపుతో కుడివైపుకి తిప్పింది, ఇంకోసారి తిప్పింది, కాళ్ళ కింద అరకు లోయంతా తిరగలిలా తిరగసాగింది, వలిసెపూల పసుపు, రైలు పట్టాలు, చలి ఉత్సవానికి వేసిన షామియానాలు, తను ఎక్కి వచ్చిన హెలికాప్టర్ లేచిన మైదానం, మళ్ళీ వలిసెపూలు, అబ్బ ఇవాళే కావాలా ఇది, ఇవాళ నాకు ఓపిక లేదు అనుకుంది, ఓపిక ఉన్న రోజు చూసుకుని వచ్చే ఆపద ఎక్కడైనా ఉందా, ముందు తలెత్తి చూడు గుంటా, బయపడ్డం తరవాత బయపడొచ్చు, అని ఎన్నిసార్లు చెప్పాడో పైడయ్య, తలెత్తి చూసింది, తాళ్ళన్నీ జడలా మెలిపడిపోయాయి, పైన నారింజ రంగు గుడ్డ ఒకవైపుకి ఒరిగి గింగిరాలు కొడుతోంది, గొడుగును మళ్ళించే ఎడమ బ్రేకు పిడి ఉండాల్సిన చోట లేదు, గాలికి టపటపా కొట్టుకుంటోంది, అంటే మడిచేటప్పుడు పిడి కొస తాడులో ఉండే కన్నులోకి దూరలేదు, సూది బెజ్జం కన్నా కాస్త పెద్దదవుతుందేమో ఆ కన్ను, దూర్చాననుకుని పైడయ్య పక్కనుంచి పోనిచ్చాడన్నమాట, పాపం, తన ప్రాణం మీదికి వచ్చిన వేళ కూడా ముందు పాపం అనే అనుకుంది.

వైమానిక దళంలో ముప్ఫై ఏళ్ళు ప్యారాచూట్లు మడిచి రిటైరై ఈ సాహస క్రీడల క్యాంపులో మడత షెడ్డు చూసుకుంటున్న మనిషి, జి.మాడుగుల నుంచి టికెట్లు చింపే పనికి వచ్చిన తనను, ఏటి గుంటా అలాగ పైకి సూత్తన్నావు, దూకాలనుందేటి, అని నవ్వుతూ అడిగి, పిల్లనిచ్చినంత శ్రద్ధగా మొదటి గొడుగు చేతికిచ్చిన మనిషి, ఆయన వేళ్ళు ఆ కన్ను కోసం తడుముకోవడం తను మొదటిసారి చూసి ఏడాదిన్నర అవుతోంది, ఆ సాయంత్రం ఆయన బస్సెక్కాక ఎందుకో అనుమానమొచ్చి విప్పి చూస్తే అయిదింటిలో ఒకటి తప్పు, చప్పుడు చేయకుండా మళ్ళీ మడిచింది, మర్నాడూ అంతే, ఆ తరువాత అదే దినచర్య అయిపోయింది, రోజూ సాయంత్రం ఆయన వెళ్ళేదాకా ఏదో పని ఉన్నట్టు నటించడం, ఇంకా ఎల్లలేదేటి, బేగి ఎల్లు, సలి ముదిరిపోతాది, అంటే వెళ్తాలే బాబాయ్ అనడం, వెళ్ళాక నేల మీద మోకాళ్ళు వేసి ఒక్కొక్కటీ విప్పి మడవడం, క్యాంపు చూసుకునే లాజరస్‌తో చెబితే మర్నాడే ఆయన్ని ఇంటికి పంపించేస్తాడు, అమ్మ అంతోనమ్మతో చెబితే, పెద్దోల పరువు కాపాడితే దేవుడు సూత్తాడే, అంది, దేవుడు చూస్తున్నాడో లేదో గానీ మోకాళ్ళు మాత్రం అరిగిపోయాయి, నిన్న నాలుగు విప్పాక అయిదోదాని మీద తల పెట్టుకుని అలాగే కునికింది, మెలకువ వచ్చాక ఇక చేయలేననిపించింది, ఒక్కటే కదా, రేపు ఇది నేనే వేసుకుంటాను, ఇంకొకరికి ఇవ్వను, అనుకుని అలాగే వదిలేసింది.

మణికట్టు మీద ముల్లు మూడు వేల ఆరు వందల అడుగులు చూపిస్తోంది, తాళ్ళను రెండు చేతులా విడదీస్తూ కాళ్ళు ఎదురువైపుకి తన్నింది, ఒక మెలిక విడింది, రెండు పడ్డాయి, రెండు వేల అయిదు వందల దగ్గర ఇక బాగుచేసే పని మానాలి, ఎర్ర పిడి లాగి ఈ గొడుగును వదిలించుకోవాలి, వెండి పిడి లాగి ఆపదకని బయట మడిపించి పెట్టిన రెండోది తెరవాలి, తెలుసు, కానీ వదిలితే అందరూ చూస్తారు, ఆ గుడ్డ ఏ కాఫీ తోటలోనో దొరుకుతుంది, లాజరస్ ఆ బ్రేకు చూస్తాడు, ఇక పైడయ్య పని అయిపోతుంది, ఎలాగోలా దీన్నే దించేస్తే ఎవరికీ తెలియదు, మూడు వేల రెండు వందలు, ఇంకోసారి తన్నింది, రక్తమంతా పాదాల్లోకి దిగిపోతోంది, చూపు అంచులు నల్లబడుతున్నాయి, ఎంత అలసటగా ఉందంటే ఇలా తిరుగుతూ తిరుగుతూ కాసేపు నిద్రపోతే ఏమైంది అనిపించింది, రేపటి నుంచి ఏదీ విప్పక్కర్లేదు, ఏదీ మడవక్కర్లేదు, ఆ ఆలోచన తియ్యగా ఉండడం చూసి భయం వేసింది, ఇవాళ్టికి అదే మొదటి భయం.

రెండు వేల ఏడు వందలు, గుడ్డని నమ్మొద్దు గుంటా, మడిసిన నన్నూ నమ్మొద్దు, రెండున్నర కాడికొచ్చిందా ఒగ్గీ, గొడుగు మల్లీ కుట్టుకుంటాం, నిన్నెవులు కుడతారు, అని మొదటి రోజే అన్నాడు కదా ఆ మహానుభావుడు, ఆయన కోసమని ఆయన మాటే కాదంటున్నాను, చేయి ఎర్ర పిడి మీదికి వెళ్ళింది, లాగింది, ఒక్కసారిగా కాళ్ళ కింద ఏమీ లేదు, తల పైన ఏమీ లేదు, వెండి పిడి లాగింది, చటుక్కున భుజాలు పైకి లేచాయి, తెల్లటి గుడ్డ చతురస్రంగా విచ్చుకుంది, ఇందాక రాని నిశ్శబ్దమంతా ఇప్పుడు ఒక్కసారే వచ్చినట్టుంది, నారింజ రంగుది ఖాళీగా కాఫీ తోటల వైపు కొట్టుకుపోతోంది, సోఫియా ఏడ్చింది, సంతోషానికి కాదు, ఉత్త అలసటకి.

మైదానం అంచున దిగి కూలబడింది, అందరికన్నా ముందు పైడయ్యే వచ్చాడు, వంగి ఎప్పటిలాగే గుడ్డను చేతుల్లోకి చుట్టుకుంటూ, సూత్తానే ఉన్నాను, సక్కగా తెరుసుకుంది, నారింజ రంగు ఆ ఎండలో ఎంత బాగుందనుకున్నావు, అన్నాడు, కళ్ళు మిరుమిట్లుగొలిపే తెల్లటి గుడ్డను గుండెలకు హత్తుకుని అన్నాడు, ఇంతలో ఆయన వేళ్ళు ఆగాయి, గుడ్డను నలిపి చూశాయి, మళ్ళీ నలిపాయి, ఇది నేను మడిసింది కాదు, ఏటయినాది గుంటా, అన్నాడు మెల్లగా, గాలికి మెలిపడింది బాబాయ్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఎంత సులువు ఆ మాట, మింగేసి, ఎడమ బ్రేకు కన్నులో పడలేదు బాబాయ్, అంది, ఇదే మొదలేటి, అని అడిగాడు ఆయన, కాదు బాబాయ్, ఏడాదిన్నర, నేనే విప్పి సరిచేస్తున్నాను, అంది, ఆయన మొహంలోకి చూడలేననుకుంది గానీ చూసింది, కోపం లేదు, సిగ్గు కూడా లేదు, ఉత్త ఆశ్చర్యం, మరైతే నాకెందుకు సెప్పలేదే, ప్రతీదీ బాగానే తెరుసుకుంటంది గదా, నా కళ్ళకేటీ కాలేదనుకున్నానే, అన్నాడు, కంటిపొరే అయితే ఆపరేషన్ చేయించుకుని ఏడాది కిందటే మళ్ళీ ఆ తాడు కన్నును చూడగలిగేవాడు, ఆయన పని పోతుందని, పరువు పోతుందని ఎన్ని అనుకున్నా, ఆయన మొహంలో ఈ క్షణాన్ని చూడలేక తను పిరికిగా దాక్కుంది, అంతే, ఆయన చూపు మందగించింది వయసు వల్ల, అది మందగించిందని ఆయనకు తెలియకుండా పోయింది మాత్రం తన వల్ల.